అతిథిగా వెళ్ళిన ఆచార్యుడు

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, విద్య ముగించుకుని గురుకులం విడిచి వెళ్ళబోయే శిష్యుడికి ఆచార్యుడు చేసే ఉపదేశం ఒకటి ఉంది. తల్లిని, తండ్రిని, ఆచార్యుడిని, అతిథిని దైవంతో సమానంగా చూడమని అందులో చెప్పిన సంగతి మన పాఠశాలల గోడల మీద సైతం కనిపించేంత ప్రసిద్ధం. ఆ నలుగురూ నలుగురు వేర్వేరు మనుషులని మనం సహజంగానే అనుకుంటాం. ఆచార్యుడూ, అతిథీ ఒకే మనిషి అయినప్పుడు సంగతి ఏమిటి? పాఠం చెప్పడానికి పరాయి దేశం వెళ్ళినవాడికి ఆ రెండు గౌరవాలూ ఒకేసారి లభిస్తాయి. అయితే ఆ ఉపదేశం వినవలసినవాడు శిష్యుడు, గృహస్థు కాబోయేవాడు. ఆచార్యుడు తనను తాను దేవుడనుకోవాలని గానీ, అతిథి తన గురించి అలా భావించుకోవాలని గానీ అక్కడ ఎవరూ చెప్పలేదు. గౌరవించవలసినవారి ధర్మం స్పష్టంగా ఉంది. గౌరవం అందుకునేవారి ధర్మాన్ని మనమే వెతుక్కోవాలి.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించే కన్నా ఒక దేశాన్ని ముందుంచుకుని చర్చించడం మేలు. భారతీయ ఉపాధ్యాయుల ప్రవాస చరిత్రలో ఇథియోపియాకు ప్రత్యేక స్థానం ఉంది. ఆ దేశంలో ప్రభుత్వం నడిపిన మొదటి ఆధునిక పాఠశాల 1908లో చక్రవర్తి రెండవ మెనెలిక్ పేరుతో అడిస్ అబాబాలో ప్రారంభమైంది. అందులో తొలి ఉపాధ్యాయులు ఈజిప్టు నుంచి వచ్చినవారు. 1941 తర్వాత ఆంగ్లం బోధనాభాషగా బలపడుతున్నకొద్దీ భారతదేశం నుంచి ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో వెళ్ళి, రాజధానిలోనే కాక మారుమూల పట్టణాల పాఠశాలల్లో కూడా గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్లం బోధించారు. 2000 తర్వాత ఆ దేశం కొత్త విశ్వవిద్యాలయాలను వరుసగా నెలకొల్పినప్పుడు తెలుగునాట కళాశాలల్లో పనిచేసిన అధ్యాపకులు అనేకులు ఒప్పందాల మీద అక్కడికి చేరారు. కొందరు ఒంటరిగా వెళ్ళారు. కొందరు భార్యాపిల్లలతో సహా వెళ్ళారు. కుటుంబంతో వెళ్ళినవారి మొదటి కొద్ది వారాలే ఈ వ్యాసానికి విషయం. ఎందుకంటే పైన చెప్పిన ధర్మసందేహం అత్యంత స్పష్టంగా కనబడేది ఆ వారాల్లోనే.

అక్కడ విద్యాసంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. కాబట్టి అటువంటి కుటుంబం సాధారణంగా ఆగస్టు చివర, వర్షాలు ఇంకా తగ్గుముఖం పట్టకముందే దిగుతుంది. సముద్రమట్టానికి దాదాపు 2,350 మీటర్ల ఎత్తున ఉన్న రాజధానిలో మేడమెట్లు ఎక్కితే మొదటి రోజుల్లో ఆయాసం వస్తుంది. అంతకన్నా ముందు గడియారం మొరాయిస్తుంది. అక్కడి ప్రజలు సూర్యోదయం నుంచి గంటలు లెక్కిస్తారు. మనం ఉదయం ఏడు అనేది వారికి పగలు ఒంటిగంట. ఇంటి యజమాని మూడు గంటలకు వస్తానంటే, ఆయన వచ్చేది ఉదయం తొమ్మిదికి. సంవత్సరం కూడా కుదరదు. వారి పంచాంగంలో ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, ఐదారు రోజుల పదమూడో నెల ఒకటి. వారి సంవత్సర సంఖ్య మనం వాడే క్రీస్తుశకం కన్నా ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటుంది. లోకమంతా 2000 వేడుకలు జరుపుకుని మరచిపోయిన తర్వాత, 2007 సెప్టెంబరులో ఇథియోపియా తన 2000వ సంవత్సరంలో అడుగుపెట్టింది.

ఇంటికి ఉత్తరం రాసే ఉపాధ్యాయుడు వీటిని వింతలుగా వర్ణించడం సహజం. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే వింత మనదేనని తెలుస్తుంది. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించడం మన పంచాంగాలు నేటికీ చేస్తున్న పనే. దినం అర్ధరాత్రి మొదలవుతుందనే లెక్క మనకు కార్యాలయాలతో వచ్చింది. మన తాతలకు సుపరిచితమైన కాలగణన ఇథియోపియాలో నిత్యవ్యవహారంలో నిలిచి ఉంటే, దాన్ని వెనుకబాటుతనమని నవ్వుకునేవాడు ఎవరిని చూసి నవ్వుతున్నట్టు?

లిపి విషయం ఇంకా ఆశ్చర్యకరం. వీధి ఫలకాల మీద, దుకాణాల మీద కనిపించే అక్షరాలు ఆ కుటుంబానికి ఒక్కటీ తెలియవు. పీజీ పట్టాలున్న తల్లిదండ్రులు ఒక్కరోజులో నిరక్షరాస్యులైపోతారు. బస్సు ఎక్కడికి పోతుందో పదిమందిని అడగాలి, మందుసీసా మీద ఏముందో ఇంకొకరి చేత చదివించుకోవాలి. మన ఊళ్ళలో రైతు మనచేత ఉత్తరం చదివించుకున్నప్పుడు ఆయన మనసులో ఏమనిపించేదో తెలుసుకునే అవకాశం చదువుకున్నవాడికి జీవితంలో అరుదుగా వస్తుంది. అయితే ఆ అక్షరాలను ఒక పూట శ్రద్ధగా చూస్తే తెలుగువాడికి అవి పూర్తిగా పరాయివి కావని తెలుస్తుంది. అమ్హారిక్ లిపిలో మూలాక్షరాలు ముప్ఫైమూడు. ఒక్కొక్కటీ అచ్చును బట్టి ఏడు రూపాలు ధరిస్తుంది. అది మన గుణింతమే. ఎడమ నుంచి కుడికే రాస్తారు. గుణింతాలు వల్లించి పెరిగిన తెలుగు పిల్లలు తల్లిదండ్రుల కన్నా ముందు ఆ పట్టికను పట్టుకుంటారు. అంగడిలో ధర అడగడం, తెలిసిందన్నట్టు ‘ఇషీ’ అనడం, మూడు దాకా ‘అండ్, హులెత్, సోస్త్’ అని లెక్కపెట్టడం తండ్రికి నేర్పేది కొడుకో కూతురో అవుతారు. ఇంట్లో ఆచార్యపీఠం చేతులు మారుతుంది.

పేరు కూడా తలకిందులవుతుంది. ఇథియోపియాలో మనిషి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత ఉంటుంది. మనలాంటి ఇంటిపేరు లేదు. పెళ్ళయిన స్త్రీ పేరు మారదు. హాజరుపట్టీలో రెండో పేరు పట్టుకుని పిలిచే విదేశీ ఉపాధ్యాయుడు విద్యార్థిని కాక అతని తండ్రిని పిలుస్తున్నాడన్నమాట. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాడికి తన పేరే అనువాద పత్రాల్లో అటూ ఇటూ అవుతుండగా ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు. ఇక వీధిలో పిల్లలు విదేశీయులను చూసి ‘ఫెరెంజ్’ అని కేకవేస్తారు. ఆ కేక భారతీయుడికీ తగులుతుంది. తెల్లదొరలను మన పూర్వులు పరంగివాళ్ళన్నారు. అరబ్బీ, పారశీక భాషల మీదుగా ప్రయాణం చేసిన ఆ మాట ఒక్కటే. వలస పాలన అనుభవించిన జాతికి చెందినవాడు, 1896లో అడ్వా యుద్ధంలో ఇటలీ సైన్యాన్ని ఓడించిన దేశంలో తనే పరంగివాడిగా నిలబడడంలో చరిత్ర చేసిన పరిహాసం కొంత ఉంది. దానికి కోపగించుకోనవసరం లేదు. అయితే, ఆ దేశానికి నాగరికత నేర్పడానికి తాను రాలేదని ఆ కేక గుర్తుచేస్తే మంచిదే.

ఇక వంటిల్లు. తెచ్చుకున్న కందిపప్పు మొదటి రోజు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. పప్పు పాతదేమోనని ఇల్లాలు అనుమానిస్తుంది. కారణం పప్పులో లేదు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కనుక నీరు సుమారు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మూత బిగించిన కుక్కర్ లేకపోతే పప్పుకు చాలినంత వేడి అందదు. మరుసటి ఉదయం భర్త తరగతిలో నీరు నూరు డిగ్రీల వద్ద మరుగుతుందని, సముద్రమట్టం మాట ఎత్తకుండా, అలవాటు ప్రకారం చెప్పాడనుకుందాం. పాఠ్యపుస్తకం ప్రకారం అది సరైన జవాబే. ఆ గదిలో కూర్చున్న పిల్లల వంటిళ్ళలో మాత్రం అది ఏనాడూ నిజం కాదు. ఆ పిల్లలు పరీక్షలో నూరు అని రాస్తారు, ఇంట్లో తొంభైరెండుతో జీవిస్తారు, శాస్త్రానికీ బతుకుకూ సంబంధం లేదని క్రమంగా నమ్ముతారు. భార్య పొయ్యి దగ్గర గ్రహించిన విషయాన్ని భర్త తరగతికి తీసుకువెళ్ళి ఉంటే అదే పాఠం భౌతికశాస్త్రంగా వెలిగేది.

సంగతి ఇంతటితో పోదు. ఇథియోపియా వారి ముఖ్యాహారం ఇంజెరా. తెఫ్ అనే చిరుధాన్యపు పిండిని రెండుమూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చే పలుచని రొట్టె అది. దోసెలు తిన్నవారికి ఆ పులుపు కొత్త కాదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఇంకా దీర్ఘమైన ఉపవాస కాలాల్లోనూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఎర్రపప్పుతో, శనగపిండితో చేసిన కూరలు తింటారు. శాకాహార కుటుంబానికి ఇది వరం. చిక్కు మరొకచోట ఉంది. ఒకే పళ్ళెం చుట్టూ అందరూ కూర్చుని తింటారు. ఆప్యాయత ఎక్కువైతే ఒకరు తన చేత్తో ముద్ద చేసి ఎదుటివారి నోట్లో పెడతారు. దాన్ని ‘గుర్షా’ అంటారు. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడి కుటుంబాన్ని పొరుగువారు భోజనానికి పిలిచినప్పుడు, ఆ ముద్ద ముఖం ముందుకు వచ్చినప్పుడు, మనలో తరతరాలుగా ఉన్న ఎంగిలి భావన మేలుకుంటుంది.

ఆ క్షణంలో ఏం చేయాలి? తప్పనిసరిగా తినితీరాలని నేను అనను. ఆహారనియమం పాటించే హక్కు ఎవరికైనా ఉంది, ఆరోగ్యకారణాలు కూడా ఉండవచ్చు. కాని కారణం ఏదో మనకు మనం నిజాయితీగా చెప్పుకోవాలి. ఉపవాస దినాన వండిన పప్పుకూరను కూడా శాకాహారం సాకుతో తిరస్కరిస్తే, మనం తిరస్కరిస్తున్నది ఆహారాన్ని కాదు. ఎవరు ఎవరితో కూర్చుని తినవచ్చుననే ప్రశ్న మన సమాజంలో ఎంతమందిని పంక్తికి దూరంగా నిలబెట్టిందో మనకు తెలుసు. ఆ అలవాటు సామానుతో పాటు విమానం ఎక్కి వస్తుంది. పరాయిదేశం దాన్ని మూట విప్పి మన ముందే పెడుతుంది. స్వదేశంలో ఆచారమని సర్దిచెప్పుకున్నది అక్కడ ఆ పేరుతో చెల్లదు.

అదే ఇంట్లో మరో ప్రశ్న మౌనంగా తిరుగుతూ ఉంటుంది. అక్కడి జీవనవ్యయంతో పోల్చితే విదేశీ అధ్యాపకుడి జీతం ఎక్కువ. కాబట్టి ఇంటిపనికి ఒక స్త్రీని కుదుర్చుకోవడం మొదటి వారాల్లోనే జరిగిపోతుంది. ఆమె ఇల్లాలికి కూరగాయల పేర్లు చెబుతుంది, ధర ఎక్కువ చెప్పే దుకాణాన్ని చూపిస్తుంది, పచ్చి కాఫీగింజలను కడిగి, కళ్ళెదుటే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి, ‘అబోల్, తోనా, బరకా’ అనే మూడు విడతల కాఫీ ఎలా ఇవ్వాలో, మూడోది కాకముందే లేచిపోతే ఎందుకు బాగుండదో నేర్పుతుంది. ఆ కుటుంబానికి ఆ దేశంలో తొలి గురువు ఆమె. మనం జీతం తీసుకుని నేర్పితే ఆచార్యులం, ఆమె జీతం తీసుకుని నేర్పితే పనిమనిషి. ఈ తేడాకు ఆధారం విద్యలో ఉందా, జీతం మొత్తంలో ఉందా అన్నది ప్రతి ఉపాధ్యాయుడూ వేసుకోవలసిన ప్రశ్న.

ఇప్పుడు తరగతి గదికి వద్దాం. విదేశీ అధ్యాపకులు మొదటి వారాల్లో చేసే సామాన్యమైన ఫిర్యాదు, విద్యార్థులు నోరు విప్పరన్నది. ఆంగ్లం చాలదు, పునాది లేదు అని వెంటనే తీర్పు కూడా వెలువడుతుంది. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే ఆ నిశ్శబ్దం వెనుక ఉన్న చదువు చరిత్ర తెలియకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇథియోపియా చర్చి ఆధ్వర్యంలో శతాబ్దాలుగా నడిచిన విద్యావిధానం ఒకటి ఉంది. గీజ్ భాషలో మంత్రపాఠం, సంగీతం, కవిత్వం, వ్యాఖ్యానం వేర్వేరు శాలల్లో ఏళ్ళ తరబడి నేర్చుకునేవారు. ‘ఖినే’ అనే కవిత్వంలో పైకి కనబడే అర్థాన్ని మైనమనీ, లోన దాగిన అర్థాన్ని బంగారమనీ అంటారు. పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ రాసిన భాషలో పుట్టినవారికి ఈ రుచిని వివరించనక్కరలేదు. ఆ శాలల విద్యార్థులు ఇల్లు విడిచి దూరప్రాంతాల గురువుల వద్దకు నడిచి వెళ్ళి, ఇంటింటా ఆహారం అడిగి తెచ్చుకుని చదివేవారు. వారిని వేయించిన గింజల పేరుతో ‘కొలో తెమారీలు’ అంటారు. మన ఊళ్ళలో మధూకరం ఎత్తి, వారాలు చేసుకుని చదువుకున్న పిల్లలకు వారు అన్నదమ్ములు. గురువు ముందు మొదట మౌనంగా వినడం, మాట్లాడే ముందు ధారణ చేయడం ఆ సంప్రదాయం మన్నించిన పద్ధతి. దాని ఛాయ నేటి తరగతిలో ఉందో లేదో విచారించకుండా ఆ మౌనాన్ని అజ్ఞానమనడం తొందరపాటు.

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. ఒప్పందంలో రాసినది భౌతికశాస్త్రం బోధించమని మాత్రమే, ఇంజెరా తినమనీ అమ్హారిక్ నేర్చుకోమనీ అందులో లేదు అని ఎవరైనా అనవచ్చు. రెండేళ్ళ కోసం వచ్చినవాడికి స్వదేశంలో ముసలి తల్లిదండ్రులు, ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అప్పు, మధ్యలో ఆగిన పిల్లల చదువు ఉంటాయి. పరాయిచోట తోటి భారతీయ కుటుంబాలతో కలిసి పండుగ చేసుకోవడం, చింతపండు ఎక్కడ దొరుకుతుందో వారిని అడగడం, తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవడం దోషం ఎలా అవుతుంది? కాదు. ఆ ఊతం లేకపోతే చాలా కుటుంబాలు నిలవలేవు, ముఖ్యంగా రోజంతా ఇంట్లో ఉండిపోయే ఇల్లాలు నిలవలేదు. వినయం పేరుతో అతిథిని తన భాషా, తన రుచీ వదులుకోమనడం మరొక రకం నిర్బంధం. పైగా వినయాన్ని ప్రదర్శనగా మార్చుకుని, నాలుగు అమ్హారిక్ ముక్కలు నేర్చి తానెంతో కలిసిపోయానని చాటుకునేవారు కూడా ఉంటారు.

నేను చెప్పదలచినది ఇంతకన్నా పరిమితమైనది. మొదటి వారాల్లో ప్రతి కుటుంబం, ఇష్టం ఉన్నా లేకపోయినా, విద్యార్థి స్థితిలో ఉంటుంది. టైము అడగాలి, దారి అడగాలి, మాట అడగాలి. అడిగినవాడు తెలియనివాడినని ఒప్పుకుంటున్నాడు. నెల తిరిగేసరికి బస్సు తెలుస్తుంది, బియ్యం దుకాణం తెలుస్తుంది, మనవాళ్ళ ఇళ్ళు తెలుస్తాయి. అడగవలసిన అవసరం తీరిపోతుంది. సరిగ్గా అప్పుడే ప్రమాదం మొదలవుతుంది. అవసరం కొద్దీ విద్యార్థి అయినవాడు అవసరం తీరగానే పూర్తిగా ఉపాధ్యాయుడైపోతాడు. ఆ తర్వాత పదేళ్ళు ఉన్నా మొదటి నెలలో తెలిసిన దేశమే అతనికి తెలిసిన దేశంగా మిగిలిపోవచ్చు. స్థిరపడడం అంటే ఇబ్బందులు తొలగడమే అయితే అది నెలలో పూర్తవుతుంది. ఇబ్బందులు తొలగిన తర్వాత కూడా అడుగుతూ ఉండడం మన ఎంపిక మీద ఆధారపడినది, కనుక అది నీతికి సంబంధించినది.

ఒప్పందం వాదానికి మరో సమాధానం కూడా ఉంది. ఆ దేశంలో విదేశీ ఉపాధ్యాయుడికి కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది? 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించింది. 1937 ఫిబ్రవరిలో వైస్రాయి గ్రాజియానీపై హత్యాయత్నం జరిగిన తర్వాత అడిస్ అబాబాలో ఘోరమైన మారణకాండ సాగింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా, విదేశాల్లో చదువుకుని వచ్చిన యువకులను వెదికి మరీ చంపారు. 1941లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చేసరికి తరగతి గదుల్లో నిలబడవలసిన తరం చాలావరకు లేకుండా పోయింది. 1974 విప్లవం తర్వాతి సైనిక పాలనలో కూడా చదువుకున్న యువతే హింసకు ఎక్కువగా గురైంది, ఎందరో దేశం విడిచి వెళ్ళారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎవరో లేకపోయినందువల్ల కూర్చున్నాడు. ఒప్పందంలో ఈ మాట ఉండదు. అయినా అక్కడ జీతం తీసుకునే ప్రతినెలా దాన్ని జ్ఞాపకం చేసుకోవడం ఉపాధ్యాయుడి మర్యాద. తన స్థానంలో ఆ దేశపు బిడ్డ నిలబడే రోజును త్వరితం చేయడమే అతని ఉద్యోగ సారాంశమని దీనివల్ల తేలుతుంది.

ఈ రాకపోకలు ఒకవైపువి కావు. ఇథియోపియా నుంచి వచ్చి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినవారు ఉన్నారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు ఆ తీరం నుంచి మనుషులను బానిసలుగా దక్కనుకు తెచ్చారు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడైన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి 1626లో మరణించాడు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం నుంచి వచ్చింది. ఆనాడు వచ్చినవారిని ఎవరూ ఆహ్వానించలేదు, వారికి ఒప్పందపత్రం లేదు. నేడు చదువుకోసం వచ్చే ఆఫ్రికా విద్యార్థి మన వీధిలో అద్దెకు గది అడిగినప్పుడు ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో మనకు తెలుసు. అడిస్ అబాబాలో పొరుగువారి ముద్ద అందుకున్న కుటుంబం తిరిగి వచ్చాక ఆ తలుపుల్లో ఒకటి తెరిస్తే, అక్కడి మొదటి వారాలు వృథా కాలేదని చెప్పవచ్చు.

అమ్హారిక్‌లో విద్యార్థిని ‘తెమారి’ అంటారు, ఉపాధ్యాయుడిని ‘అస్తెమారి’ అంటారు. నేర్చుకునేవాడి మాటకు ముందు ప్రేరణార్థక ప్రత్యయం చేర్చితే నేర్పేవాడి మాట వస్తుంది. తెలుగులో నేర్చు, నేర్పు అనే ధాతువుల బంధం కూడా సరిగ్గా ఇదే. రెండు భాషలూ విడివిడిగా, ఎవరి సలహా లేకుండా, నేర్పడాన్ని నేర్చుకోవడం నుంచే పుట్టించాయి.

మొదట చెప్పుకున్న ఉపదేశంలోనే అంతగా ప్రసిద్ధం కాని మాటలు మరికొన్ని ఉన్నాయి. స్వాధ్యాయాన్నీ, ప్రవచనాన్నీ, అంటే నేర్చుకోవడాన్నీ నేర్పడాన్నీ, ఒకే ఊపిరిలో జంటగా చెప్పి ఏమరవద్దంటాడు ఆ ఆచార్యుడు. తనలోని మంచి నడతను మాత్రమే అనుసరించమని, తక్కినది వదిలేయమని శిష్యుడికి స్వయంగా చెబుతాడు. ఎలా నడుచుకోవాలో సందేహం కలిగితే, అక్కడ ఉన్నవారిలో ఆలోచనాపరులు, కరకుదనం లేనివారు, ధర్మాన్ని కోరేవారు ఎలా నడుచుకుంటారో చూసి అలా నడుచుకోమంటాడు. గురుకులం దాటి తెలియని చోటికి పోయే శిష్యుడికి ఆయన ఇచ్చిన ఆఖరి సలహా అక్కడివారిని చూసి నేర్చుకోమన్నది. ఆచార్యుడిగా విమానం ఎక్కేవాడు దాన్ని శిష్యుడిగా వినవలసి ఉంటుంది.